కింది అంచు

పన్నెండు ఫొటోలు పెట్టమంది ఫోను.
ఓదెమ్మ చిన్నమ్మవి ఎంత దేవులాడినా నాలుగే.

ఒకటి ఆధార్‌ది,
రెప్ప కొట్టొద్దన్నరని
ఎవరినో కొట్టబోతున్నట్టు తెరిచిన కండ్లు.
ఒకటి పోచమ్మమైదాన్ స్టూడియోల,
వెనుక తెర మీద ఆమె ఎన్నడూ తొక్కని మంచుకొండ.
ఒకటి మేడారంల, బంగారం తూకమేసేకాడ,
బెల్లం ముద్దల మాటున సగం మొఖం.
నాలుగోది పింఛను పుస్తకం మీంచి తీసింది,
నుదుటి మీద బ్యాంకోళ్ల ముద్ర.

మిగిలిన ఎనిమిదీ మా పెండ్లిండ్లవి, పురుళ్లవి.
ఏదో ఒక మూలకు ఆమె మోచెయ్యి,
గిన్నె అందిస్తున్న గాజులు.
మోచేతిని కూడ మనిషి కిందనే లెక్కేసిన.

పుట్టిన తేదీ అడిగింది ఫోను.
ఆధార్‌ల జనవరి ఒకటి.
మా కొత్తవాడల సగం మంది ముసలోళ్లు
ఒక్క దినమే పుట్టిండ్రు, ఒక్క కంప్యూటరు ముందట.
ఆమెనడిగితే,
"పెత్రమాసకు ఇంక మూడొద్దులున్నదనంగ, వాన పడుతుండె,
మా అవ్వ అచ్చు అతుకుడు సగంల ఇడిసి లేచిందట."
అది పట్టే గడి ఎక్కడా లేదు.

పేరు కొడితే ఒత్తు విరిగింది.
కింద కూసోవాల్సిన మ
పక్కకు జరిగి ఒంటిగ నిలబడ్డది,
మోకాళ్లు పోయినంక గుంటమగ్గంల దిగలేక
ఒడ్డున స్టూలేసుకున్న చిన్నమ్మ లెక్క.

నలభై తొమ్మిది రూపాయలు కట్టకుంటే
బొమ్మకు అడ్డంగ కంపెనీ పేరు ఉంటదట.
ఉండనీ.
ఆమె నేసిన శెత్రంజి మీద మాత్రం
ఆమె పేరెప్పుడున్నది, సొసైటీ ముద్రనే గద.

నిమిషం మీద పది సెకండ్లు.
బుగ్గలు ఎగిరినయి, గులాబీలు రాలినయి,
ఎవరి పిల్లలో ఇంగ్లీషుల పాడిండ్రు.
కొంగుతో అద్దాలు తుడుసుకొని చూసింది చిన్నమ్మ.
నవ్వలే.
"మల్ల పెట్టు" అన్నది.
మూడుసార్లు పెట్టినంక అడిగింది,
"కింద ఏది బిడ్డా?"
"కిందేంది?"
"కూసున్నోళ్ల కింద. నేల ఏది?"

నిలువు తెరకు సరిపోవాలని
మొఖాలను ఏరి, మొఖాలనే దగ్గరికి గుంజి
మిగిలిందంత కోసేసింది ఫోను.
అసలు ఫొటోలు తీసి చూపించిన.
అప్పుడు కదిలింది ఆమె వేలు.

"ఇగో, ఎర్రంచుది. మన రాజీరు లగ్గంది.
ఇది నీలం. నడుమ రంగు తక్కువ పడ్డది,
సేటు పైసలు కోసిండు.
దీని మీదనే నువ్వు పాలు కక్కినవు,
సున్నపు మరక లెక్క, పదేండ్లుతికినా పోలే."

ఎనిమిదిట్ల ఏడు శెత్రంజిలు.
మేమందరం వాటి మీద కూసొని
కెమెరా దిక్కు చూసి నవ్వుతున్నం.

రాత్రి మల్ల చేసిన.
ఈసారి మొఖాలు నేను కోసిన.
చాపిన కాళ్లు, మెట్టెలు, బోర్లపడ్డ గ్లాసు,
ఎవరో ఇడిసిన ఒంటి గజ్జె,
పొంటి పొంటి చారలు.
మనిషి కనబడ్తలేడు, మంచి ఫొటో పెట్టమని
రెండుసార్లు గునిసింది ఫోను. పెట్టలే.
పాట తీసేసి,
పక్కింటి సాంబయ్య మగ్గం సప్పుడు
గోడ మీంచి చెయ్యి చాపి పట్టిన.
మా గల్లీల ఇంక ఆడేది అదొక్కటే.
తేదీ గడి ఖాళీగ ఇడిస్తే ఒప్పుకోలే,
ఆ దినం ఏ తారీఖో అదే కొట్టిన.

పొద్దుగాల చాయ్ సల్లారబెట్టుకుంట చూసింది.
నీలంది రాంగనే నా చెయ్యి పట్టింది.
"ఈడ ఆపు."
ఒక పోగు తప్పింది.
నేను చూడలే, లగ్గానికొచ్చినోళ్లు చూడలే,
పైసలు కోసిన సేటు కూడ చూడలే.
దగ్గరికి వంగి
గోటితో మెల్లగ గీకింది, సదురుదామని.

గోరు తాకి బొమ్మ జరిగింది.
తర్వాతి శెత్రంజి వచ్చింది.